మొహమున్న సూర్యుడు

తను పోయాక తన పెట్టె మీద అర్జెంటీనా జెండా పరచాలని మా తమ్ముడు ఆసుపత్రి మంచం మీద నుంచి నన్ను అడిగాడు. బజారులో కొన్నది కాదు, నేను చేత్తో వేసిచ్చినది. అడిగి ఊరుకోలేదు, మాట తీసుకున్నాడు. "పరుస్తాన్రా" అన్నాను. డయాలసిస్ గదిలో ఎవరేది అడిగినా అందరూ సరేనంటారు. నేను అన్నది అలా ఊరికే అన్న మాట కాదు. జెండా ఉంది, పెట్టె కొలత తెలుసు, మోసే మనుషులున్నారు. లెక్క ఎక్కడ తప్పుతుందో అప్పటికి నాకు కనిపించలేదు.

ఖరగ్‌పూర్‌లో పెరిగినవాళ్ళకు ఈ కోరిక వింతగా తోచదు. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ వచ్చిందంటే మా ఊరు రెండు దేశాలైపోతుంది. ఒక సందు బ్రెజిల్, పక్క సందు అర్జెంటీనా. ఆ దేశాలు ఎక్కడున్నాయో మ్యాపులో చూపించలేనివాళ్ళు కూడా వాటి కోసం పక్కింటివాళ్ళతో మాటలు మానేస్తారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా నాన్న బెంగాలీలతో కలిసి మైదానాల్లో ఆడి బ్రెజిల్ మనిషయ్యాడు. నాన్నకు ఎదురు చెప్పడం కోసమే తమ్ముడు అర్జెంటీనా పట్టుకున్నాడని నా అనుమానం. తర్వాత అదే నిజమైన ఇష్టమైపోయింది. నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేరాక కూడా టూల్ బాక్సు మూతకు లోపల లేత నీలం, తెలుపు చారలు వేయించుకున్నాడు. వేసింది నేనే.

నేను రైల్వే వర్క్‌షాపులో పెయింటర్ని. బోగీల మీద నంబర్లు, అక్షరాలు వేస్తాను. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అక్షరం ఎత్తుకి వెడల్పు ఎంతుంటే దూరం నుంచి చదవగలం, ఒక వృత్తాన్ని ఎన్ని సమభాగాలైనా ఎలా చెయ్యాలి, ఇవన్నీ పని మధ్యలో నాకు నేనే కూర్చుకున్నాను. ఆట మీద నాకు పెద్ద ఇష్టం లేదు. జెండాల మీద ఉంది. జెండాకి కొలత ఉంటుంది.

అర్జెంటీనా కప్పు గెలిచిన ఏడు, ఆటలు మొదలవక ముందే, తమ్ముడు గోల్‌బజార్ నుంచి ఒక జెండా కొని తెచ్చి నా ముందు విప్పాడు. మధ్యలో సూర్యుడు బంతిపువ్వులా ఉన్నాడు. కిరణాలు లెక్కపెట్టాను, పంతొమ్మిది వచ్చాయి.

"ఇంకా పదమూడు రావాలి" అన్నాను.

"నాకు తెల్దేటి? అందుకే నీ కాడికి తెచ్చినాను. తప్పు సూర్యుడి కింద కూకుని గెలిస్తే ఆ గెలుపు లెక్కలోకి రాదన్నియ్య."

అసలు సూర్యుడికి కిరణాలు ముప్పై రెండు. పదహారు సూటివి, పదహారు అలలవి, ఒకటి విడిచి ఒకటి. అంటే రెండు కిరణాల మధ్య పదకొండుంపావు డిగ్రీలు. నిలువు అయిదు పాళ్ళయితే జెండా పొడవు ఎనిమిది. తెల్ల పట్టీ వెడల్పును ఆరు పాళ్ళు చేస్తే కిరణాలతో కలిపి సూర్యుడు అయిదు పాళ్ళు, అందులో మొహం రెండు పాళ్ళు. మొహం అంటే నిజంగా మొహమే. కళ్ళు, ముక్కు, నోరు ఉంటాయి. పాప్లిన్ గుడ్డ తెచ్చి అయిదడుగుల నిలువు, ఎనిమిదడుగుల పొడవు కుట్టించాం. ఆ కొలతకి సూర్యుడి మొహం వెడల్పు ఆరున్నర అంగుళాలు దాటింది. ఇంచుమించు మనిషి మొహమంత.

ఆ మాట పైకి అన్నాను. తమ్ముడు వెంటనే పట్టుకున్నాడు.

"ఆ మొహం ఎవుడిదో మనకి తెల్దు గదా. నాది పెట్టీ."

"ఎవరైనా చూస్తే?"

"సూసినోడికి మొక్కుకోమని సెప్తాను."

వరండాలో బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. వాడి భార్య గుమ్మంలో నిలబడి, "బావగారూ, ఆ ముక్కు ఉన్నంత వేస్తే కిరణాలకి సోటుండదు" అంది. నవ్వకుండా కూర్చోమంటే వాడి వల్ల కాలేదు. చివరికి పెదాల మూల కొంచెం పైకి లేచినట్టే వేశాను. బుగ్గలు నిండుగా ఉన్న మనిషి. ఎడమ కనుబొమ మీద చిన్నప్పుడు గోడ తగిలి పడిన గాటు ఉంది. అది కూడా వేశాను. బోగీలకు వాడే పసుపు ఎనామిల్‌తో, సన్న కుంచెతో వేసిన పని అది. నా చేతి మీదుగా వచ్చిన మనిషి మొహం అదొక్కటే.

ఆ ఏడు అర్జెంటీనా గెలిచింది. జెండాని సందుకి అడ్డంగా కట్టారు. సూర్యుడు ఎవరో చూడగానే తెలిసిపోయింది కాబట్టి బ్రెజిల్ సందు వాళ్ళు కింద నుంచి వెళ్తూ తలెత్తి, "కీ దాదా, మబ్బేసినా దిగవా?" అని జెండాతో మాట్లాడేవారు.

కిడ్నీలు చెడిపోయాయని తెలిసింది ఆ తర్వాతే. మొదట కాళ్ళు, తర్వాత మొహం వాచాయి. వాపు దిగినప్పుడు కింద ఇంకో మొహం బయటపడేది, బుగ్గలు లేనిది, నల్లబడినది. వారానికి రెండుసార్లు మెషిన్ మీద పెట్టేవారు. నాకు కుదిరినప్పుడల్లా పక్కన కూర్చునేవాణ్ణి. మాట్లాడుకోవడానికి మాకు ఇంట్లో సంగతులు తక్కువ, ఉన్నవి మంచివి కావు. అందుకని ఆ దేశం గురించే మాట్లాడుకునేవాళ్ళం. నేను ఫోన్లో చూసి, ముందే చదువుకుని వెళ్ళేవాణ్ణి.

"ఆళ్ళ ముద్ర సూపించు" అన్నాడొకసారి.

చూపించాను. కోడిగుడ్డు ఆకారంలో డాలు. పైసగం లేత నీలం, కిందిసగం తెలుపు. రెండు చేతులు కలుసుకుని ఒక కర్రను నిలబెట్టి పట్టుకుంటాయి. కర్ర కొసకి ఎర్ర టోపీ. చుట్టూ ఆకుల దండ, పైన సగం లేచిన సూర్యుడు.

"ఆ టోపీ ఎవుడిదన్నియ్య?"

"పూర్వం బానిసకి విడుదలిస్తే అలాంటి టోపీ పెట్టేవోరంట."

"అంటే డిశ్చార్జి టోపీ. నాకొకటి తెప్పించు. ఈ సిస్టర్లు ఒదల్డం నేదు."

ఆ దేశపు పువ్వు మన రైలు కట్టల పక్కన ముళ్ళచెట్టుకి ఎర్రగా పూసే మాదార్ పువ్వుకి చుట్టమంటే నమ్మలేదు. పిట్ట గురించి అడిగాడు. మట్టితో పొయ్యిలాంటి గూడు కట్టే పిట్ట, మగదీ ఆడదీ కలిసి కడతాయి, మరుసటేడు దాన్ని వదిలేసి కొత్తది కడతాయి అని చెప్పాను.

"పాత గూడు ఏటవుతాది?"

"ఇంకో పిట్ట దూరుతాది."

"రైల్వే కోటర్సే గదా" అని నవ్వాడు. తర్వాత మెషిన్ వైపు చూశాడు. "నాను పోతే దీన్ని ఎన్నాళ్ళు ఉండనిస్తారు కోటర్స్‌లో?"

భార్యని "దీన్ని" అనడం వాడి అలవాటు. ఆమె ఆ సమయంలో కిందికి మందులకు వెళ్ళింది. ఉద్యోగి పోయిన కొన్నాళ్ళకి ఖాళీ చెయ్యాలన్న నిబంధన నాకు తెలుసు. చెప్పలేదు. వాడు మళ్ళీ అడగలేదు. దానికి బదులు జెండా సంగతి ఎత్తాడు.

"పెట్టె ఆరడుగులు. జెండా ఎనిమిది. తలకాడ అడుగు, కాళ్ళకాడ అడుగు దిగుతాది. నా లెక్క కరెక్టేనా?"

"కరెక్టే."

"సూర్యుడు కడుపు మీదకొస్తాడు. కొంచెం పైకి జరుపు. మొహం మీదకి మొహం వచ్చేలాగ. జనానికి ఆ మొహం సూపించు, ఇది కాదు."

అప్పుడే మాట తీసుకున్నాడు. మందులు తీసుకుని వచ్చిన మరదలు గుమ్మంలో నిలబడి చివరి మాటలు విన్నది. 

ఫిబ్రవరిలో పోయాడు. మర్నాడు పొద్దున్నే క్వార్టర్ ముందు బల్ల వేసి పెట్టె దించాం. మరదలు లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి జెండా తెచ్చి, మూత తీసి పక్కన పెట్టి ఉంటే దాని మీద పరిచి, చేత్తో ముడతలు సర్దుతోంది. అప్పుడే చర్చి నుంచి పెద్దయ్య వచ్చాడు.

పెద్దయ్య అంటే మా సంఘంలో సమాధుల పని చూసే పెద్ద. గార్డుగా రిటైరై చాలా ఏళ్ళయింది. చంకలో సంఘం గుడ్డ ఉంది. తెల్లటి గుడ్డ, మధ్యలో ఎర్ర శిలువ కుట్టి ఉంటుంది. మాలో ఎవరు పోయినా పెట్టె మీద అదే కప్పుతారు. గోతి దగ్గర తీసి మడత పెట్టి, పోయినవాళ్ళ ఇంటికిస్తారు. వాళ్ళు ఉతికి చర్చికి తిరిగివ్వాలి. మొదటి గుడ్డ ఎప్పుడో చిరిగింది. కొత్త గుడ్డ మీదకి పాత శిలువనే విప్పి కుట్టారు.

"ఇదేటమ్మా?"

"ఆయన జెండా పెద్దయ్యా. ఇదే కప్పమన్నారు."

"పుట్‌బాల్‌దా?" కోపం లేకుండానే అడిగాడు. "సూడు తల్లీ, మీ మావగారు ఈ గుడ్డ కిందే ఎల్లినాడు. మా ఆవిడ దీని కిందే ఎల్లింది. డ్రైవరు గానీ, గ్యాంగ్‌మేన్ గానీ, ఒకటే గుడ్డ. ఒకళ్ళకి ఒకటి, ఇంకోళ్ళకి ఇంకోటి అనీసరికి మనలో ఏటి మిగుల్తాది?"

"ఒద్దన్నానా? దాని మీద ఇది కప్పండి. నేదా దీని మీద అది. నాకు ఎలగైనా పరవానేదు."

ఆయన ఆలోచించాడు. ఒప్పుకునేలాగే ఉన్నాడు. కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి జెండాని చూశాడు. వేలితో సూర్యుణ్ణి ముట్టబోయి ఆగాడు.

"దీనికి కళ్ళున్నాయేటి?"

ఇంకా దగ్గరికి వంగాడు.

"కళ్ళు, ముక్కు, నోరు. సూర్యుడికి మొహం పెట్టి పెట్టె మీద పరుస్తామా?" నా వైపు తిరిగాడు. "ఒరే అబ్బాయి, ఇయ్యన్నీ సదివినోడివి నువ్వు. సెప్పు. ఆ దేశపోళ్ళు సూర్యుడికి మొక్కుతారా?"

"ఇప్పుడోళ్ళు మొక్కరు పెద్దయ్యా. ఆళ్ళు ఎక్కువమంది మనలాగే శిలువోళ్ళే. మే నెల్లో స్వాతంత్ర్యం కోసం జనం కూడినప్పుడు మబ్బులోంచి ఎండొచ్చిందంట, దానికి గుర్తు."

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. నాకు సగం సమాధానం ఇవ్వడం అలవాటు లేదు.

"పూర్వం ఆ వైపున్నోళ్ళు మాత్రం సూర్యుణ్ణే దేవుడన్నారు. ఈ మొహం ఆళ్ళ కాడ్నుంచే వచ్చిందంటారు."

పెద్దయ్య నిటారుగా లేచాడు. మరదలు జెండా మీద చెయ్యి తియ్యకుండానే నన్ను చూసింది.

"బావగారూ, ఈ ఒక్క దినమైనా సగం సెప్పి ఊరుకోలేకపోయినారా?"

తర్వాత పెద్దయ్యతో అంది: "ఇది దేవుడు కాదు, ఏటీ కాదు. ఇది మా ఆయన. బావగారు ఎదురుగా కూకోబెట్టి సూసి వేసినారు. కావలిస్తే పోల్చుకోండి."

ఆయన నిజంగానే పోల్చుకున్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టెలోకి చూశాడు. చెవుల్లో దూది, వాచి బిగిసిన కనురెప్పలు, పక్కకు జారిన దవడని కట్టిన గుడ్డ. మళ్ళీ వచ్చి జెండా మీద వంగాడు. రెండోసారి వెళ్ళి పెట్టెలోకి చూశాడు. ఆయన వేళాకోళం చెయ్యడం లేదు. జాగ్రత్తగా వెతుకుతున్నాడు.

"ఎక్కడమ్మా?" అన్నాడు మెల్లగా.

వాడు మెషిన్ మీద పడుకున్నన్నాళ్ళూ ఏడవని మరదలు ఆ ఒక్క మాటకి నేల మీద కూలబడింది.

"ఆడే పెద్దయ్యా" అన్నాను. "బాగున్నప్పటి మొహం. కనుబొమ మీద గాటు సూడండి."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అలగైతే ఇంకా తప్పురా. సూర్యుడికి మనిషి మొహమా, మనిషికి సూర్యుడా? నానేటని సెప్పాలి జనానికి? రేపు ఇంకోళ్ళు ఇంకోటి పట్టుకొస్తే ఏ నోటితో ఒద్దంటాను?" సూర్యుడి వైపు వేలు చూపించి, "ఆ మొహం వరకు పసుపు పూసీ. ఉత్త గుండ్రంగా ఉంటే నాకు అభ్యంతరం నేదు. పెట్టె లోపల, ఈపు కింద పరుసుకోండి" అన్నాడు.

పసుపు డబ్బా మా ఇంట్లోనే ఉంది. పది నిమిషాల పని. ఎండేదాకా ఆగడం కుదరదు, తడి రంగు చొక్కాకి అంటుకుంటుంది, అయినా ఎవరు చూస్తారు అని కూడా లెక్క వేశాను. లేవబోతుంటే మరదలు చూసింది.

"కూకోండి బావగారూ. మీరే చెరుపుతారా?"

మరో దారి చెప్పాను. సూర్యుడు లేని జెండా కూడా ఆ దేశానిదే. ఉత్త చారలది. చాలాకాలం మామూలు జనం అదే వాడేవారు, సూర్యుడున్నది ప్రభుత్వానిది. గోల్‌బజార్ వెళ్ళి గుడ్డ తెస్తే దర్జీ గంటలో కుట్టి ఇస్తాడు. పెద్దయ్య దానికి వెంటనే తలూపాడు.

"అందులో ఆయన నేరు గదా" అంది ఆమె.

ఎండ ఎక్కుతోంది. పాస్టరుగారు చర్చిలో ఎదురుచూస్తున్నారని కబురొచ్చింది. ఆమె లేచి మొహం తుడుచుకుంది. జెండాని నాలుగు మడతలు వేసి ఒక సంచిలో పెట్టుకుంది. "సంఘం గుడ్డే కప్పండి" అంది. కప్పాం. మూత మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు నేను ముందే వేసి ఉంచాను. శిలువ గుడ్డ కింద అవి కనబడలేదు. పెట్టె మోసినవాళ్ళలో ఇద్దరు బ్రెజిల్ సందు వాళ్ళు. సంచిలో ఏముందో వాళ్ళకు తెలుసు. దారంతా ఎవరూ దాని వైపు చూడలేదు.

మా వైపు నేల అంతా ఎర్ర మొరం. గోతి తవ్వడం కష్టం, పూడ్చడం తేలిక. ప్రార్థన అయ్యాక సంఘం గుడ్డ తీశారు. నేనూ పెద్దయ్యా చెరో కొస పట్టుకుని మడత పెట్టాం. పెట్టెని తాళ్ళతో దించారు. తల వైపు ముందుగా దిగి ఒక్క క్షణం అలాగే వాలి నిలబడింది, తర్వాత సమంగా కూర్చుంది. అందరూ పిడికెడు మట్టి తీసుకోవడానికి వంగారు.

మరదలు వంగలేదు. సంచిని రెండు చేతులతో పొట్టకి అదిమి పట్టుకుని నిలబడింది. పెద్దయ్య చాలాసేపు ఆమెనే చూస్తున్నాడు. తర్వాత కర్ర ఆనించుకుంటూ ఆమె పక్కకి వచ్చాడు. నేను వెనకే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"ఏసీయమ్మా" అన్నాడు.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"గోతిలో ఏసీ. పెట్టె మీద పడనీ. నాను ఇటు తిరిగి ఉంటాను. మట్టి పడ్డాక ఎవుడూ నన్నడగడు, నిన్నడగడు. ఆడు అడిగినాడన్నావు గదా. ఏసీ బేగి."

చెప్పినట్టే గోతికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి, అంతమంది ముందు, ఎటో చూస్తూ. ఆమె సంచిలోంచి జెండా తీసింది. మడత విప్పింది. సూర్యుడి దగ్గరకొచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. నిండు బుగ్గలు, పైకి లేచిన పెదవి మూల. కింద గోతిలో అప్పటికే నాలుగు పిడికెళ్ళ ఎర్రమట్టి నా అక్షరాల మీద పడి ఉంది.

"ఏసీ అమ్మా" అన్నాను నేను కూడా. మాటిచ్చినవాణ్ణి నేను.

"ఒక్క రోజులో ఆయన్ని రెండుసార్లు పూడ్సడం నా వల్ల కాదు బావగారూ" అంది. "ఆయన ఆ మొహం జనానికి సూపించమన్నారు. మట్టికి కాదు."

నేను ఆమె చేతిలోంచి తీసుకోవచ్చు. రెండడుగుల దూరం. వాడు అడిగింది నన్ను, ఆమెని కాదు. చనిపోయినవాడిదా ఈ జెండా, బతికున్న మనిషిదా అన్నది అంతవరకూ నేను ఎప్పుడూ వేసుకోని ప్రశ్న. అక్కడ నిలబడి వేసుకున్నాను. ఈలోగా ఆమె మళ్ళీ మడత పెట్టింది.

"అయిందా?" అన్నాడు పెద్దయ్య అటు తిరిగే.

"అయింది పెద్దయ్యా" అంది ఆమె.

ఆయన ఇటు తిరిగాడు. గోతిలోకి చూశాడు, ఆమె చేతుల్లోకి చూశాడు. వంగి తన పిడికెడు మట్టి వేశాడు. పారలు అందుకున్నారు.

మరదలు ఇప్పుడు క్వార్టర్ ఖాళీ చేసి సాలువా దారిలో ఒక గది అద్దెకు తీసుకుంది. జెండా ఆమె దగ్గరే ఉంది. మేకులు కొట్టొద్దని ఇంటివాళ్ళు అన్నారట, అందుకని గోడకి పెట్టలేదు. వెళ్ళినప్పుడు అడిగితే తీసి చూపిస్తుంది. ఎనామిల్ గుడ్డ మీద ఎక్కువ కాలం ఆగదు. మడత సరిగ్గా ముక్కు మీదుగా పోతోంది. అక్కడ పెంకు రాలి కింద తెల్ల పాప్లిన్ బయటపడింది. కుంచె పట్టుకుంటే బాగుచెయ్యగలను. కానీ ఇప్పుడు వేస్తే ఎవరిని చూసి వెయ్యాలి? ఆమె వెయ్యమని అడగలేదు. వేస్తానని నేనూ అనలేదు.